జూదమూ ఒక జబ్బే – దానికీ వైద్యం ఉంది



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని వార్డెన్ గారు ఫోన్ చేసినప్పుడు పాత జ్ఞాపకాలే రాద్దామనుకున్నాను. పొద్దున్నే బోరింగు దగ్గర బకెట్ల వరస, ఆదివారం గుడ్డు కోసం ఎదురుచూపు, కరెంటు పోతే ఒక్క కిరసనాయిలు దీపం చుట్టూ ఆరుగురం కూర్చుని చదివిన రాత్రులు... ఇవన్నీ ప్రతి సంచికలోనూ ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. నేను పదిహేనేళ్లుగా ఒక జిల్లా ప్రభుత్వాస్పత్రిలో, మానసిక వైద్య విభాగంలో స్టాఫ్ నర్సుగా పని చేస్తున్నాను. నా వృత్తిలో తెలిసిన ఒక విషయం మన హాస్టల్ వాళ్లందరికీ తెలియాలనిపించి ఈ వ్యాసం రాస్తున్నాను.

అది జూదం గురించి. జూదం చెడ్డదని చెప్పడానికి కాదు. ఆ మాట మీకు పెద్దలు చాలాసార్లు చెప్పే ఉంటారు. జూదం ముదిరితే జబ్బు అవుతుందని, ఆ జబ్బుకు ప్రభుత్వాస్పత్రిలో వైద్యం దొరుకుతుందని చెప్పడానికి.

మా మిత్రుడి సంగతి

ఇది మా బ్యాచ్ మిత్రుడి కథ. అతని అనుమతితోనే రాస్తున్నాను, పేరు మాత్రం రాయను. లెక్కల్లో మా అందరికన్నా ముందుండేవాడు. మాకు రాని లెక్కలు రాత్రిపూట చెప్పేవాడు. చదువయ్యాక ఉద్యోగం వచ్చింది, పెళ్లయింది, ఇద్దరు పిల్లలు. 2020లో లాక్‌డౌన్ రోజుల్లో ఇంట్లో ఊరికే కూర్చోలేక సెల్‌ఫోన్లో రమ్మీ మొదలుపెట్టాడు. మొదట వంద, రెండు వందలు. ఒకసారి ఒక్క రాత్రిలో పద్దెనిమిది వేలు గెలిచాడు. తన కొంప మునిగింది పోగొట్టుకున్న రోజున కాదు, గెలిచిన ఆ రోజునే అని ఇప్పుడు తనే అంటాడు.

తర్వాత జీతం పోయింది, చీటీ పాట డబ్బు పోయింది, భార్య నగలు తాకట్టుకు వెళ్లాయి. లోన్ యాప్‌ల వాళ్లు బంధువులందరికీ ఫోన్లు చేయడం మొదలుపెట్టారు. అప్పుడు గానీ మాకు తెలియలేదు. హాస్టల్లో ఒకే పళ్లెంలో తిన్నవాళ్లం కదా, ఊరుకోలేకపోయాం. తలా ఐదు వేలు, పది వేలు వేసుకుని రెండు లక్షల దాకా పోగు చేసి ఇచ్చాం. ఇక ముక్క ముట్టనని పిల్లల మీద ఒట్టేశాడు. అబద్ధపు ఒట్టు కాదు, మనస్ఫూర్తిగానే వేశాడు. కానీ మూడు నెలలు తిరక్కుండానే ఆ డబ్బులో సగం అప్పులవాళ్లకు కాకుండా మళ్లీ ఆటలోకే వెళ్లింది.

మాకు పట్టరాని కోపం వచ్చింది. అందరం తిట్టాం. కొందరం ఫోన్ ఎత్తడం మానేశాం. ఆ కొందరిలో నేనూ ఒకణ్ణి. తాగుడు మానలేక ఆస్పత్రికి వచ్చినవాళ్లకు రోజూ మందులిచ్చే నేను, నా మిత్రుడిది మాత్రం బుద్ధి తక్కువ పని అనుకున్నాను. ఒకనాటి రాత్రి పదకొండు గంటలకు ఫోన్ చేశాడు. ఎందుకో ఎత్తాను. "నేను లేకపోతే వీళ్లకు ఇన్సూరెన్స్ డబ్బులైనా వస్తాయి కదరా" అన్నాడు. ఆ మాటకు అర్థం ఏమిటో నా వృత్తిలో ఉన్నవాడికి వేరే చెప్పనక్కర్లేదు. ఆ రాత్రే బండి వేసుకుని వాళ్లింటికి వెళ్లి, తెల్లారేదాకా పక్కనే కూర్చుని, పొద్దున్నే మా ఆస్పత్రి ఓపీకి తీసుకొచ్చాను. మేము రెండు లక్షలు పోగు చేసిన రోజునే ఆ పని చేసి ఉండాల్సింది. ఆ ఆలస్యం గురించే ఈ వ్యాసం.

జబ్బు అని ఎందుకంటారు?

జూదాన్ని జబ్బుగా గుర్తించడం వైద్యశాస్త్రంలో కొత్త కాదు. అమెరికా మానసిక వైద్యుల సంఘం 1980లోనే తన జబ్బుల పట్టికలో దీన్ని చేర్చింది. 2013లో ఆ పట్టికను సవరించినప్పుడు మద్యం, మాదకద్రవ్యాల వ్యసనాలున్న వరసలోకే జూదాన్ని మార్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికలో కూడా ఇది వ్యసన రోగాల కిందనే ఉంది. ఆ కొత్త పట్టిక 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది.

ఒంట్లోకి ఏ పదార్థమూ వెళ్లకుండా వ్యసనం ఎలా అవుతుందని మీరు అడగవచ్చు. మన మెదడులో డోపమిన్ అనే రసాయనం ఉంటుంది. ఏదైనా మంచి ఫలితం వస్తుందేమోనని ఆశ పుట్టినప్పుడు అది విడుదలై, ఆ పనిని మళ్లీ చెయ్యమని మనల్ని తోస్తుంది. ప్రతిసారీ ఖాయంగా వచ్చే ఫలితం కన్నా, ఎప్పుడు వస్తుందో తెలియని ఫలితం మనిషిని గట్టిగా పట్టి ఉంచుతుంది. జూదమంతా దీని మీదే నడుస్తుంది. ఇంకొక్క ముక్క పడితే షో కొట్టేవాణ్ణి అనుకుంటాం చూడండి, లెక్క ప్రకారం అది ఓటమే. కానీ కొద్దిలో తప్పిపోయిన అలాంటి ఓటమికి కూడా మెదడులో గెలుపుకు స్పందించే భాగాలే కదులుతాయని స్కానింగ్ పరీక్షల్లో తేలింది. అందుకే ఓడినకొద్దీ మానెయ్యాలనిపించదు, ఇంకొక్కటి ఆడాలనిపిస్తుంది.

మరో ఉదాహరణ చెబుతాను. చేతులు వణికే పార్కిన్సన్ జబ్బుకు, డోపమిన్ చేసే పనినే చేసే కొన్ని మందులు వాడతారు. ఆ మందులు మొదలుపెట్టాక, జీవితంలో ఎన్నడూ జూదం జోలికి పోనివాళ్లు కొందరు విపరీతంగా ఆడటం మొదలుపెట్టారు. మందు తగ్గించగానో మార్చగానో చాలామందిలో ఆ పిచ్చి దిగిపోయింది. మందుబిళ్ల మార్చితే పోయేదాన్ని గుణం అనలేం కదా! అందరికీ మందుల వల్లే వస్తుందని కాదు. ఇందులో మెదడు పాత్ర ఎంత ఉందో తెలియడానికి చెప్పాను.

ధర్మరాజు రెండోసారి ఎందుకు కూర్చున్నాడు?

మన ఊళ్లలో భాగవతాలు ఆడేటప్పుడు ద్రౌపదీ వస్త్రాపహరణం చూసి ఏడవని వాళ్లుండరు. కానీ ఆ తర్వాతి ఘట్టాన్ని మనం అంతగా పట్టించుకోం. మొదటి జూదంలో పోయినవన్నీ ధృతరాష్ట్రుడు ధర్మరాజుకు తిరిగి ఇచ్చేశాడు. రాజ్యం, సంపద, తమ్ముళ్లు, అన్నీ వచ్చాయి. ఒక్క రూపాయి అప్పు మిగల్లేదు. అయినా దారిలో ఉండగానే మళ్లీ పిలుపు రాగానే వెనక్కి వచ్చి కూర్చున్నాడు. ఈసారి పన్నెండేళ్లు అడవి, ఒక ఏడాది అజ్ఞాతవాసం.

ధర్మం తెలియకనా? లోకంలో ఆయనకన్నా ధర్మం తెలిసినవాడు లేడంటారు. అప్పు తీరిపోయినంత మాత్రాన జబ్బు తగ్గదు. మేము రెండు లక్షలు ఇచ్చి చేసింది ధృతరాష్ట్రుడు చేసిన పనే.

గుర్తుపట్టడం ఎలా?

సరదాగా ఎప్పుడో ఒకసారి ఆడిన ప్రతివాడూ రోగి కాదు. డాక్టర్లు చూసే గుర్తులు తొమ్మిది.

1. అంతే ఉత్సాహం రావాలంటే పందెం మొత్తం పెంచుకుంటూ పోవాల్సి రావడం.
2. తగ్గించినా, మానినా చిరాకు, కుదురు లేకపోవడం.
3. మానాలని పదేపదే ప్రయత్నించి విఫలం కావడం.
4. ఎప్పుడూ అదే ధ్యాస.
5. దిగులు, భయం, అవమానం కలిగినప్పుడు ఆట వైపు పరిగెత్తడం.
6. పోయింది రాబట్టాలని మర్నాడు మళ్లీ కూర్చోవడం.
7. ఇంట్లో వాళ్లకు అబద్ధాలు చెప్పడం.
8. దీనివల్ల చదువు, ఉద్యోగం, బంధుత్వం దెబ్బతినడం.
9. డబ్బుకు ఇతరుల మీద ఆధారపడటం.

ఏడాది కాలంలో వీటిలో నాలుగు గాని, అంతకన్నా ఎక్కువ గాని ఉంటే జబ్బు కిందే లెక్క. ఇంత వివరంగా చూసుకునే తీరిక లేకపోతే రెండే ప్రశ్నలు వేసుకోవచ్చు. "పందెం అంతకంతకూ పెంచాలని ఎప్పుడైనా అనిపించిందా? ఎంత ఆడానో నావాళ్ల దగ్గర అబద్ధం చెప్పాల్సి వచ్చిందా?" ఈ రెంటిలో ఏ ఒక్కదానికి అవునని జవాబు వచ్చినా డాక్టరుతో ఒకసారి మాట్లాడటం మంచిది.

ఆస్పత్రిలో ఏం చేస్తారు?

మానసిక వైద్యం అనగానే కరెంటు షాకులు, తాళం వేసిన గదులు గుర్తొచ్చి మనవాళ్లు భయపడతారు. జూదం సమస్యతో వచ్చినవాళ్లలో చాలామందికి వార్డులో చేరాల్సిన అవసరమే రాదు. ఓపీ చీటీ రాయించుకుని వచ్చి, మాట్లాడి వెళ్లిపోతారు.

మొదటిరోజు డాక్టరు ఎప్పటి నుంచి ఆడుతున్నారు, ఎంత పోయింది, నిద్ర ఎలా ఉంది, తాగుడు అలవాటుందా అని అడుగుతారు. చనిపోవాలనే ఆలోచనలు వస్తున్నాయా అని కూడా సూటిగా అడుగుతారు. అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందని కొందరు భయపడతారు. అది నిజం కాదు. అడిగితే చాలామంది గుండె బరువు దించుకుంటారు. జూదం ముదిరినవాళ్లలో డిప్రెషన్, ఆత్మహత్య ఆలోచనలు ఎక్కువ కాబట్టి ముందు ప్రాణం గట్టున పడాలి. మా మిత్రుడికి మొదట ఇచ్చిన మందులు డిప్రెషన్‌కే.

అసలు వైద్యం మాటలతోనే. ఆలోచనను, అలవాటును మార్చే ఈ చికిత్సను కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ అంటారు. వారానికొకసారి చొప్పున కొన్ని వారాలు సాగుతుంది. మా మిత్రుణ్ణి రెండోసారి వచ్చేటప్పుడు బ్యాంకు స్టేట్‌మెంటు తెమ్మన్నారు. తను మూడు లక్షల దాకా పోగొట్టుకున్నానని అనుకుంటున్నాడు. కాగితం ముందు పెట్టుకుని తన చేత్తోనే కూడితే ఐదు లక్షల నలభై వేలు తేలింది. మాకు లెక్కలు చెప్పినవాడు! గెలిచినవి గుర్తుంటాయి, పోయినవి మరుగున పడతాయి. అందరి మెదడూ ఇదే మోసం చేస్తుందని సైకాలజిస్టు చెప్పారు.

"వరసగా ఎనిమిది ఆటలు పోయాయి, తొమ్మిదోది నాదే" అనే నమ్మకాన్ని కూడా ఇలాగే లెక్కతో విప్పి చూపిస్తారు. రూపాయి బిళ్లకు జ్ఞాపకం ఉండదు. ఎనిమిదిసార్లు బొమ్మ పడినా తొమ్మిదోసారి బొమ్మకూ బొరుసుకూ సమానమైన అవకాశమే. తర్వాత ఆడాలనే కోరిక ఎప్పుడు పుడుతోందో రాసుకోమంటారు. జీతం పడిన రోజా, ఇంట్లో గొడవైన రాత్రా, క్రికెట్ మ్యాచ్ ఉన్నప్పుడా? ఆ వేళల్లో ఏం చేయాలో ముందే నిర్ణయించుకుంటారు. కోరిక అల లాంటిది. లేస్తుంది, అరగంట ఓపిక పడితే చాలావరకు దిగిపోతుంది.

డబ్బు దారి మూయడం కూడా వైద్యంలో భాగమే. మా మిత్రుడి జీతం ఖాతా ఏటీఎం కార్డు భార్య చేతికి వెళ్లింది, యూపీఐ పరిమితి తగ్గించారు, సిమ్ మార్చారు. అప్పుల జాబితా రాసి, నెలకింత చొప్పున నేరుగా అప్పులవాళ్లకే చేరేలా ఏర్పాటు చేశారు. భార్యను కూడా కూర్చోబెట్టి మాట్లాడారు, ఎందుకంటే ఇంట్లో వాళ్లూ ఈ జబ్బుతో నలిగిపోయినవాళ్లే. మాటలతో ఫలితం సరిగా రానివాళ్లలో కొందరికి నాల్ట్రెక్సోన్ అనే మందు ఇస్తారు. ఇది మద్యం వ్యసనానికి కూడా వాడేదే. అందరికీ పనికిరాదు, నిపుణుడైన డాక్టరు పర్యవేక్షణలోనే వాడాలి.

ఒక్కమాటు తప్పు జరిగితే వైద్యం వృథా అయినట్టు కాదు. మా మిత్రుడు ఎనిమిదో నెలలో మళ్లీ ఒకరోజు ఆడాడు. నాలుగు వేలు పోయాయి. ఈసారి దాచలేదు. మర్నాడే ఓపీకి వచ్చి చెప్పాడు. సుగర్ పెరిగితే తిట్టం, మందు సరిచేస్తాం. ఇదీ అంతే.

ఎక్కడికి వెళ్లాలి?

హైదరాబాదులో ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం, విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక వైద్యశాల మనకు పెద్ద దిక్కులు. బెంగుళూరు నిమ్హాన్స్‌లో సెల్‌ఫోన్, ఇంటర్నెట్, ఆన్‌లైన్ ఆటల వ్యసనాల కోసమే 2014 నుంచి షట్ అనే ప్రత్యేక క్లినిక్ నడుస్తోంది. కానీ అంతదూరం వెళ్లలేమని ఆగిపోకండి. ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆస్పత్రుల్లో మానసిక వైద్య విభాగం ఉంటుంది. జిల్లా ఆస్పత్రిలో అడిగితే దగ్గర్లో ఎక్కడ చూస్తారో చెబుతారు. బస్సు చార్జీ కూడా లేకపోతే ఫోను చాలు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన టెలీ మానస్ సేవకు 14416 నంబరు మీద పగలైనా రాత్రైనా ఉచితంగా మాట్లాడవచ్చు. తెలుగులోనే మాట్లాడతారు.

ఖర్చు గురించి భయం వద్దు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు, కార్డు చేతిలో లేకపోయినా సరే, ప్రభుత్వ మానసిక వైద్యం ఉచితంగా అందాలి. మీ విషయం గోప్యంగా ఉంచాలని కూడా అదే చట్టం చెబుతుంది. ఆత్మహత్యకు ప్రయత్నించినవాణ్ణి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవాడిగా చూడాలే తప్ప శిక్షించకూడదనీ చెబుతుంది. పద్దెనిమిదేళ్లు నిండని తమ్ముళ్లకైతే ఇంటి పెద్దలకు చెప్పి వైద్యం చేస్తారు. అది మీ మేలుకే.

నిషేధం ఉంది కదా, ఇంకెందుకు?

తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పందేల ఆన్‌లైన్ ఆటల మీద దేశమంతటికీ చట్టం చేసింది. ఆ చట్టం శిక్షలు ఆటలు నడిపేవాళ్లకు, ప్రకటనలిచ్చేవాళ్లకు, డబ్బు మళ్లించేవాళ్లకే గాని ఆడి నష్టపోయినవాళ్లకు కాదు. చట్టం దుకాణం మూయగలదు. కానీ మెదడులో పడిన అలవాటు చట్టం వచ్చిన మర్నాడే పోదు. ఒక లింకు మూస్తే ఇంకో లింకు వస్తుంది, యాప్ లేకపోతే క్రికెట్ బుకీ ఉంటాడు. కాబట్టి నిషేధం ఉన్నచోట కూడా వైద్యం కావాలి.

జూదం చట్టబద్ధంగా నడిచే ఇంగ్లండులో కూడా ఇదే నేర్చుకున్నారు. అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవ 2008లో లండనులో జూద రోగుల కోసం ఒకే ఒక్క క్లినిక్ తెరిచింది. 2024 నాటికి దేశంలో పదిహేను అయ్యాయి. 2025 ఏప్రిల్ నుంచి జూదం కంపెనీల నుంచే తప్పనిసరి సుంకం వసూలు చేసి, అందులోంచి ఈ వైద్యానికి డబ్బిస్తున్నారు. చట్టం అనుమతించినా, నిషేధించినా రోగి మాత్రం ఆస్పత్రి గడప తొక్కాల్సిందే.

మీకు, మాకు నాలుగు మాటలు

తమ్ముళ్లూ! స్కాలర్‌షిప్పు డబ్బు ఖాతాలో పడుతుంది, చేతిలో ఫోన్ ఉంది, ఎవడో స్నేహితుడు రంగు మీద పందెం కాసి వెయ్యి గెలిచానని చూపిస్తాడు. వాడు పోగొట్టుకున్నది చూపించడు. ఇప్పటికే ఆడుతూ ఉంటే ఒంటరిగా కుమిలిపోకండి. వార్డెన్ సార్‌కో, నమ్మకమైన టీచర్‌కో చెప్పండి. చెప్పడానికి సిగ్గనిపిస్తే 14416కి ఫోన్ చేయండి. లోన్ యాప్ వాళ్లు బెదిరిస్తే 1930 సైబర్ క్రైమ్ నంబరుంది. పక్క మంచం వాడు రాత్రంతా దుప్పట్లో ఫోన్ చూస్తూ, అందరి దగ్గరా చేబదుళ్లు అడుగుతూ, "నేనెందుకు బతకాలి" అంటే ఆ మాట తేలిగ్గా తీసుకోకండి. వాణ్ణి ఒంటరిగా వదలకుండా వెంటనే పెద్దవాళ్లను లేపండి. అది చాడీ చెప్పడం కాదు.

పూర్వ విద్యార్థి మిత్రులారా! మనలో ఎవరైనా ఇలా పడిపోతే చందాలు వేసుకునే మంచి అలవాటు మనకుంది. అది పోకూడదు. కానీ ఆ డబ్బు అతని చేతిలో పెట్టకండి. ముందు ఆస్పత్రికి తీసుకెళ్లండి. డాక్టరుతో, ఇంట్లో వాళ్లతో మాట్లాడాక తీర్చాల్సినవి నేరుగా తీర్చండి. ఏమీ ఇవ్వలేకపోతే ఫోనైనా ఎత్తండి.

మా మిత్రుడు ఆడి ఇప్పటికి మూడేళ్లు దాటింది. అప్పు ఇంకా కొంత మిగిలే ఉంది, నెలనెలా కడుతున్నాడు. ఆదివారాలు వాళ్ల వీధి పిల్లలకు లెక్కలు చెబుతున్నాడు. ఈ వ్యాసం ముందుగా అతనికే చదివి వినిపించాను. అంతా విని, "ఆ రాత్రి నువ్వు ఫోన్ ఎత్తకపోయి ఉంటే అన్నది కూడా రాయరా" అన్నాడు. రాశాను.

– ఒక పూర్వ విద్యార్థి, 1998-99 పదో తరగతి బ్యాచ్